మూడుసార్లు అడిగే ఊళ్ళో మా వదిన చదువు

మా ఆర్డిస్ వదిన యాభై తొమ్మిదో ఏట కాలేజీలో చేరి నేరాలూ చట్టాలూ చదువుతానంటే మా అన్న లైల్ పేపర్లోంచి తలెత్తి, "సరే మరి" అన్నాడు. పెళ్ళినాడు చర్చిలో పాస్టరు అడిగినప్పుడు కూడా ఇంచుమించు ఆ గొంతుతోనే ఒప్పుకున్నాడు. మా ఇంటి మగాళ్ళంతే. సంతోషమొచ్చినా, సెల్లార్లోకి నీళ్ళొచ్చినా ఒకటే మాట.

నేను ఊరుకుంటానా? ఈ వయసులో దొంగల వెంట పరిగెడతావా, నీ మోకాలి సంగతి మర్చిపోయావా అని నిలదీశాను. పరిగెట్టే ఉద్యోగం కాదంది. మా హెగ్లండ్ ఊరి కోర్టులో బెయిలిఫ్ పని చేసే ముసలాయన ఇంకో రెండేళ్ళకి వేసవిలో దిగిపోతాడట. జడ్జి వస్తుంటే అందర్నీ లేవండని కేకేసి, జ్యూరీ వాళ్ళని గదిలోకి తీసుకెళ్ళి, తీసుకొచ్చి, వాళ్ళ తిండీ నీళ్ళూ చూసుకునే మనిషన్నమాట. ఉన్నది ఒక్కటే ఖాళీ. దానికిప్పుడు కమ్యూనిటీ కాలేజీ సర్టిఫికెట్ కావాలంటున్నారు. వదిన అప్పటికే ఫారం నింపేసి, నా దగ్గరకి కబురు చెప్పడానికే వచ్చిందని నాకు తర్వాత తెలిసింది.

ఆమెకి ఆ కోర్టు మీద ఎందుకంత మనసో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళు బడి వంటింట్లో పిల్లలకి వడ్డించింది. ఆ తర్వాత తిండి పట్నం నుంచి డబ్బాల్లో రావడం మొదలై వంటిల్లు మూసేశారు. అంతకు ముందెప్పుడో ఒకసారి ఆమెని జ్యూరీలోకి పిలిచారు. ఎవరో ఎవరిదో మంచు మీద నడిపే మోటారు బండి ఎత్తుకుపోయిన కేసు, నాలుగు రోజులు నడిచింది. చివర్న జడ్జి పన్నెండు మందినీ ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలిచి, ఇది మీ తీర్పేనా అని అడిగాడట. మా వదిన అవునంది. ఆయన తర్వాతి మనిషి వైపు తిరిగాడు.

"మళ్ళీ అడగలేదు మేవిస్. నేనన్నది అన్నట్టు రాసుకున్నాడు" అని ఈ కథ నాకు నూరుసార్లు చెప్పి ఉంటుంది.

అందులో ఏముంది అని మీకు అనిపించొచ్చు. మా ఊళ్ళో ఉండి చూడండి, తెలుస్తుంది. మా మిన్నెసోటాలో ఈ మూల మొదటి మాటని ఎవరూ లెక్కచెయ్యరు. కాఫీ తాగుతారా అంటే వద్దంటాం. రెండోసారి అడిగితే నాకోసం శ్రమ పడకండి అంటాం. మూడోసారి అడిగితే, పోనీ ఒక్క చుక్క పొయ్యండి అని కప్పు నిండా తాగుతాం. మొదటిసారే సరే అన్నవాడు తిండిపోతు. రెండోసారి అడగనివాడు పిసినారి. చర్చి విందుల్లో పళ్ళెంలో ఆఖరి నిమ్మ బార్, అదే నిమ్మకాయ తీపి ముక్క, మిగిలితే దాన్ని ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒకరు సగం కోసుకుంటారు, ఆ సగంలో ఇంకొకరు సగం, చివరికి చీమకి పనికొచ్చే ముక్క పళ్ళెంలో పడుంటుంది. ఆ నిమ్మ బార్లు చేసేది మా వదినే. ఆమె కూడా ఒక్కసారైనా నిండు ముక్క తిన్నది నేను చూళ్ళేదు.

అలాంటి మనిషికి పాఠం చెప్పడానికి దొరికింది ప్రూయిట్ మాస్టారు. బాల్టిమోర్ పోలీసు శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసి, భార్యది ఈ ఊరే కాబట్టి వచ్చి పడ్డాడు. వచ్చిన మొదటి చలికాలం ఇంటికొచ్చిన వాళ్ళని కాఫీ తాగుతారా అని అడిగాడు. వాళ్ళు వద్దన్నారు. ఆయన కూజా లోపల పెట్టేశాడు. ఆయన పిసినారని ఊళ్ళో సగం మంది ఇప్పటికీ అంటారు. వాళ్ళెందుకు మొహాలు మాడ్చుకుని వెళ్ళారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి కూడా మాకు మొహమాటమే.

చదువు బాగానే సాగింది. క్లాసులో మిగతావాళ్ళంతా పంతొమ్మిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు, సగం మంది బడిలో ఆమె చేతి తిండి తిన్నవాళ్ళే. ఆంటీ ఆంటీ అంటూ చుట్టూ చేరేవాళ్ళు. వేలిముద్రలు తియ్యడం నేర్పిన రోజున ఇంటికొచ్చి లైల్ చేతులకి నల్లరంగు పూసింది. ఆయన అలాగే వెళ్ళి తెల్ల ఫ్రిజ్ తలుపు తీశాడు. సాక్ష్యం చెరపకూడదని వారం రోజులు ఆమె దాన్ని తుడవనివ్వలేదు. నాకు నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చింది. రాత పరీక్షల్లో మార్కులు కూడా మంచివే. ఇక మిగిలింది చేసి చూపించే పరీక్ష. కారు ఆపి డ్రైవరుతో మాట్లాడ్డం, అవసరమైతే డిక్కీ వెతకడానికి అనుమతి అడగడం. కోర్టు హాల్లో లేవండని కేకేసే మనిషికి కార్లు ఆపడం ఎందుకని నేను ప్రూయిట్‌ని అడిగేశాను. సర్టిఫికెట్ కావాలంటే అందరూ అన్నీ చెయ్యాల్సిందే అన్నాడు.

ఆయనతో నాకు మాటలెలా కలిశాయంటే, దొంగల వేషానికి మనుషులు కావాలని కాలేజీ వాళ్ళు చర్చిలో అడిగారు. నలభై ఏళ్ళు పోస్టాఫీసులో ఊరందరి ఉత్తరాలూ ముట్టుకుని ఒక్కటి కూడా విప్పి చూడని దాన్ని. ఇప్పుడైనా కాస్త దొంగతనం చేద్దామని పేరిచ్చాను. శీతాకాలమంతా తాగి బండి నడిపాను, చెక్కులు దొంగిలించాను, ఒకసారి మొగుణ్ణి కూడా కొట్టాను. నా ప్రాణానికి హాయిగా ఉండేది.

ఏప్రిల్లో మా వదిన వంతొచ్చింది. కాలేజీ కార్ల స్థలంలో మూలన ఊడ్చి పోసిన మంచు ఇంకా కుప్పగా ఉంది. నన్ను ఒక పాత కార్లో కూర్చోబెట్టి ప్రూయిట్ నా చేతికి చీటీ ఇచ్చాడు. డిక్కీలో చేపల గాలాల పెట్టె ఉంది, అందులో గంజాయి అనుకోవడానికి ఎండు మూలికల పొట్లం పెట్టాం, అనుమతి అడిగితే ఒప్పుకోండి అని రాసుంది. ఇంతకంటే తేలిక వేషం ఉంటుందా?

వదిన చక్కగా నడిచొచ్చింది. లైసెన్సు చూసింది, మోకాలి నొప్పి పైకి కనపడనివ్వలేదు. డిక్కీ ఒకసారి చూడొచ్చా అండీ అంది. నా నోరు నేను అనుకోకుండానే, "అబ్బే, ఎందుకులెండి మీకు శ్రమ" అంది. అయ్యో శ్రమేముంది, చూడనా అందామె. పర్లేదులెండి అన్నాను. ఒక్క నిమిషమేగా, చూసేస్తాను అంది. పోనీ మీకంతగా చూడాలనుంటే చూడండి అన్నాను. డిక్కీ తెరిచింది, పొట్లం బయటపెట్టింది. మేమిద్దరం ఒకర్నొకరం చూసి మురిసిపోయాం. ఇంత ముచ్చటగా సోదా జరగడం నేనెక్కడా చూళ్ళేదు.

ప్రూయిట్ కళ్ళు తేలేశాడు. చేతిలో కాగితాలు కారు మీద పెట్టి, చలికి కాదు కోపానికి ఎర్రబడిన మొహంతో మా వదిన ముందుకొచ్చాడు.

"ఆవిడ వద్దంది ఆర్డిస్ గారూ. రెండుసార్లు వద్దంది. మీకు వినపడలేదా?"

"వినపడింది. కానీ వద్దని కాదు ఆవిడ ఉద్దేశం" అంది వదిన.

"మరేంటి ఉద్దేశం?"

"అంటే... ఇంకా అడగాలని."

ఆయన నా వైపు తిరిగాడు. నేను కూడా తలూపాను. ఏం చెయ్యను, నిజమే కదా. ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. చేతిలో పోలీసు బిళ్ళ, నడుముకి తుపాకీ పెట్టుకున్న మనిషి మళ్ళీ మళ్ళీ అడిగితే అది మర్యాద కాదు, వత్తిడి. ఆ పొట్లం సాక్ష్యంగా చెల్లదని జడ్జి అవతల పారేస్తాడు. నా క్లాసులో మొదటి వద్దు దగ్గరే ఆగాలి. వద్దన్న మనిషి తనంతట తను మనసు మార్చుకుని పిలిచి చెప్తే తప్ప ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. అలా చెప్పి కాగితం మీద అడ్డంగా గీత గీశాడు. ఇంకొక్క అవకాశం మేలో ఉందని, అదీ పోతే ఈ ఏటికి సర్టిఫికెట్ లేనట్టేనని చెప్పి వెళ్ళిపోయాడు. వచ్చే ఏడు దాకా కోర్టు ఆగదని మా ముగ్గురికీ తెలుసు.

నాకు తల కొట్టేసినట్టుంది. చీటీలో ఒప్పుకొమ్మని ఉంటే ఒప్పుకోలేకపోయిన దాన్ని నేను కదా. ఆ మాటే అంటే, నువ్వు మొదటిసారే సరే అనుంటే నేనే బిత్తరపోయేదాన్ని లేవే అంది.

ఇక మొదలైంది సాధన. ఏదైనా ఒక్కసారే అడగాలని ఒట్టు పెట్టుకుంది. పాపం బలైపోయినవాడు లైల్. పొద్దున్నే కాఫీ పొయ్యనా అంటే అలవాటుగా వద్దులే అన్నాడు. ఆమె కూజా పక్కన పెట్టేసింది. ఆయన ఖాళీ కప్పు వైపు, ఆమె వైపు, మళ్ళీ కప్పు వైపు చూశాడట. మర్నాడు కూడా అదే. మూడోరోజు తల పగిలిపోయే నొప్పితో నాకు ఫోను చేసి, మీ వదినకి నామీద కోపమొచ్చిందా అని అడిగాడు. మా అన్న నాకు తనంతట తను ఫోను చెయ్యడం మా అమ్మ పోయినప్పటి తర్వాత అదే. సంగతి చెప్తే, "సరే మరి" అని పెట్టేశాడు. అయిదోరోజు పొద్దున ఆమె అడగ్గానే "పొయ్యి" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ కాపురంలో మొదటిసారి. వదిన కూజా చేత్తో పట్టుకునే ఏడ్చేసింది.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నానా? అద్దం ముందు నిలబడి "చూడండి, తప్పకుండా చూడండి" అని రోజుకి ఇరవైసార్లు అనేదాన్ని. ఎవరైనా వింటే పిచ్చెక్కిందనుకుని ఉంటారు.

మే నెలలో పరీక్ష రోజొచ్చింది. మంచు పోయింది, ఎండ కాస్తోంది. షెరిఫ్ నీల్ బ్రాటెన్ కూడా చూడ్డానికొచ్చాడు. నలభై ఏళ్ళవాడు, చిన్నప్పుడు బడిలో మా వదిన చేతి హాట్‌డిష్ అనే దుంపల వంటకం మూడు వాయిలు తినేవాడు. బెయిలిఫ్‌ని ఎంచే పని అతనిదే. వదినకి సర్టిఫికెట్ రాకపోతే రెండో పేరు గాలాల కొట్టు వెర్న్‌దని అందరికీ తెలుసు. చర్చిలో ప్రసంగం మొదలవగానే గురక పెట్టే వెర్న్ జ్యూరీని చూసుకుంటాడట. నాకు ఒళ్ళు మండిపోయింది.

ప్రూయిట్ నా చేతిలో చీటీ పెట్టాడు. మళ్ళీ అదే. గాలాల పెట్టె, పొట్లం, అడిగితే ఒప్పుకోండి. పొట్లం దొరకడానికీ మార్కులున్నాయి. ఇంకేం, ఈసారి గట్టెక్కినట్టే అనుకున్నాను. వదిన నడిచొచ్చింది. పెదవులు ఎండిపోయున్నాయి. లైసెన్సు చూసి, నా కళ్ళలోకి చూసి అడిగింది.

"మీ డిక్కీ చూడొచ్చా అండీ?"

"అబ్బే, వద్దులెండి" అన్నాను.

నా నోరు పడిపోను! నెల్లాళ్ళు అద్దం ముందు చదివిందంతా ఏ గంగలో కలిసిందో. అనేశాక తిరిగి అనడానికి లేదు, కారు బయట మార్కులు వేసే ముగ్గురు మాస్టర్లూ షెరిఫూ నిలబడి ఉన్నారు. అడుగు, ఇంకొక్కసారి అడుగు అని కళ్ళతో బతిమాలాను. ఆమెకి తెలుసు. నా వద్దుకి అర్థం ఆమెకి తెలియకపోతే ఈ లోకంలో ఇంకెవరికి తెలుస్తుంది? పొట్లం డిక్కీలో ఉందనీ తెలుసు. అది దొరక్కపోతే మళ్ళీ తప్పుతాననే అనుకునుంటుంది. ఆమె నోరు తెరుచుకుంది. కారు తలుపు మీద పెట్టిన వేళ్ళు తెల్లబడ్డాయి.

"సరేనండీ. మీరు వెళ్ళొచ్చు. జాగ్రత్తగా వెళ్ళండి" అని లైసెన్సు నా చేతికిచ్చింది.

నేను కారు నడుపుకుంటూ స్థలం చివరిదాకా వెళ్ళి ఆపాను. ఆమె కొంప నేనే ముంచాననుకున్నాను. దాంతోపాటు ఇంకొకటి కూడా అనిపించింది, చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ చెప్తాను. అరవై ఒక్క ఏళ్ళు బతికాను, ఒక మనిషి నా మాటని మొదటిసారికే నమ్మడం అదే మొదలు. గొప్పగా ఉంది. ఇంకొక్కసారి అడగలేదే అని కాస్త మంటగానూ ఉంది.

తిరిగొచ్చేసరికి ప్రూయిట్ టోపీ తీసి తల గోక్కుంటున్నాడు. నన్ను చూసి, చీటీ చదవడం రాదా మీకు అన్నాడు. తర్వాత వదిన వైపు తిరిగి చెయ్యి చాచాడు. పొట్లం పోయింది, దానికి రెండు మార్కులు పోయాయి, మిగతా అన్నీ మీవే అన్నాడు. నా క్లాసులో ఇంతకంటే కష్టపడి నోరు మూసుకున్నవాళ్ళు ఇప్పటిదాకా లేరని కూడా అన్నాడు. మా వదిన ఆ చెయ్యి పట్టుకుని అలాగే ఊపుతూ ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం క్లాసు వాళ్ళందరికీ కాలేజీ హాల్లో భోజనాలు. అందరూ తలా ఒకటీ వండి తెచ్చారు. మా వదిన ఒక పళ్ళెం నిమ్మ బార్లు తెచ్చింది. తినడం అయ్యాక షెరిఫ్ కాగితం పళ్ళెం చేత్తో పట్టుకునే మా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఆర్డిస్ ఆంటీ, జూన్ నుంచి కోర్టు పని మీరు చూసుకుంటారా?"

రెండేళ్ళు. రెండేళ్ళు చదివింది ఈ ఒక్క మాట కోసం. మోకాలి నొప్పితో మెట్లెక్కింది, లైల్‌ని కాఫీకి మాడ్చింది. ఇప్పుడు ఆ మాట ఎదురుగా నిలబడితే మా వదిన ఏప్రన్ సర్దుకుని ఏమందో తెలుసా?

"అబ్బే, నాకెందుకులే నాయనా. నాకంటే మంచివాళ్ళు బోలెడంతమంది ఉంటారు."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సరే, నీల్ మా ఊరి పిల్లాడే, ఇంకో రెండుసార్లు అడుగుతాడులే అనుకున్నాను. అడగబోయాడు కూడా, నోరు తెరిచాడు. అంతలో బల్లకి అవతల ప్రూయిట్ కనిపించాడు. పొద్దున చూసిందంతా గుర్తొచ్చినట్టుంది, నీల్ మొహం ఎర్రబడింది.

"మీ ఇష్టం ఆంటీ. మీరు వద్దన్నాక నేను మళ్ళీ అడగడం బాగుండదు" అన్నాడు. పళ్ళెం చెత్తబుట్టలో వేసి, జేబులోంచి ఫోను తీస్తూ తలుపు వైపు నడిచాడు.

వెర్న్‌కే ఆ ఫోను, ఇంకెవరికి? ఒక్కమాట చెప్పవయ్యా మహానుభావా అన్నట్టు ప్రూయిట్ వైపు చూశాను. ఆయన తన బూట్లకేసి చూసుకుంటున్నాడు. వదిన మోచెయ్యి పొడిచాను. ఆమె కదల్లేదు. మా ఊళ్ళో పుట్టిన మనిషి నాకిది కావాలి అని నోరు విప్పి అడగడమంటే బట్టల్లేకుండా బజార్లో నడవడమే. ఆమె కళ్ళు నీల్ వీపు మీదే ఉన్నాయి. నీల్ తలుపు గడి మీద చెయ్యి వేశాడు.

"నీల్" అంది వదిన. వడ్డించే రోజుల నాటి గొంతు అది, వరసలో తోసుకునే పిల్లల్ని ఆపే గొంతు. హాలంతా తిరిగి చూసింది.

"ఇందాక వద్దన్నాను. అది అబద్ధం. నాకా ఉద్యోగం కావాలి."

నీల్ వెనక్కొచ్చాడు. నిజంగానా ఆంటీ అని గానీ, ఆలోచించుకోండి అని గానీ అనలేదు. ఫోను జేబులో పెట్టి, పై జేబులోంచి చిన్న పుస్తకం తీసి, అక్కడే నిలబడి ఆమె పేరు రాసుకున్నాడు. మా వదిన ఆ రాసే చేతినే చూస్తూ నిలబడింది. ప్రూయిట్ ఇంకా బూట్లనే చూస్తున్నాడు కానీ నవ్వుతున్నాడు. గోడ పక్కన కూర్చున్న లైల్ లేచి, "సరే మరి" అన్నాడు. ఈసారి అది పెళ్ళినాటి గొంతు కాదు, నేను విన్నాను.

అప్పుడు వదిన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది. పళ్ళెంలో నిమ్మ బార్ ఒక్కటే మిగిలుంది, ఇంకా ఎవరూ సగం కొయ్యలేదు. కత్తి పక్కనే ఉంది. ఆమె కత్తి ముట్టుకోలేదు. ఆ ముక్కని నిండుగా చేత్తో ఎత్తుకుని, కుర్చీలో కూర్చుని, అందరూ చూస్తుండగా మొత్తం తినేసింది. వేళ్ళు కూడా నాకింది.

ఆ ముక్క మీద భోజనాలు మొదలైనప్పటినుంచీ నా కన్నుంది. ఎవరైనా నన్ను మూడోసారి అడుగుతారని చూస్తూ కూర్చున్నాను.